వెళ్లని పెళ్లికి సాక్ష్యం

కొడుకు సందీప్‌కు వీసా రాలేదనీ, అందుకు కారణం తానేననీ ఆత్మకూరులో అతని అద్దెగదిలో కూర్చున్నాక గానీ ఆదినారాయణకు తెలియలేదు.

సందీప్ భార్య జెస్సికా కెనడాలో నర్సు. వాళ్ల పెళ్లి ఆత్మకూరు చర్చిలో జరిగింది. ఉదయగిరి దగ్గర పల్లెలో పెద్ద ఆసామి అయిన ఆదినారాయణ ఆ పెళ్లికి పోలేదు, ఇంట్లో ఎవర్నీ పోనివ్వలేదు. భార్య దగ్గరికి వెళ్లడానికి సందీప్ వీసాకు పెట్టుకుంటే, పెళ్లి ఫోటోల్లో మగపెళ్లివారు ఒక్కరూ లేరు, ఇది నిజమైన పెళ్లని నమ్మలేనంటూ అక్కడి అధికారి తిరస్కరించాడు.

"అప్పుడే అడిగినాను గదా నాయనా, ఈ పెళ్లి మాకు తెలుసని రెండు మాటలు రాసియ్యమని," అన్నాడు సందీప్. గొంతులో కోపం లేదు. అదే ఆదినారాయణకు ఎక్కువ గుచ్చుకుంది. ఆ రోజు ఆయన మాట పూర్తిగా వినకుండానే ఫోను పెట్టేశాడు.

"ఇప్పుడు రాసిస్తాను. ఏడ సంతకం పెట్టాలో చెప్పు."

"ఇప్పుడు పనికిరాదు. ఆ దేశంలో కోర్టుకు పోయినాం. ఆ కోర్టు కొత్త కాగితాలు చూడదు. అప్పుడు ఆఫీసరు ముందర ఏమున్నిందో, దాన్ని ఆయన సరిగ్గా చూసినాడా లేదా, అంతే చూస్తాది."

"మరి అప్పుడు ఏం పెట్టినారు?"

సందీప్ జేబులోంచి ఫోను తీశాడు. "జెస్సికా రాసింది ఉండాది," అని, ఫోనులో చూస్తూ ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాడు.

"మా అత్తమామలు పెళ్లికి రాలేదు. మేము దళితులం. మా నాన్న వెంగయ్య టీచరు. సందీప్‌కు లెక్కలు చెప్పడానికి వాళ్లింటికి పోయేవాడు. ఆయన్ని వసారా దాటనిచ్చేవాళ్లు కాదు, టీ వేరే గ్లాసులో ఇచ్చేవాళ్లు. ఇది రాయడం నాకు ఇష్టం లేదు. రాయకపోతే మా పెళ్లి అబద్ధమనుకుంటారని రాస్తున్నాను."

ఆదినారాయణ తల వంచుకున్నాడు. ఆ గ్లాసు ఆయనకు గుర్తే. దాన్ని ఎక్కడ బోర్లించేవాళ్లో కూడా గుర్తే.

"ఇది కోర్టులో చదువుతారా?"

"కేసంతా దీని మీదనే ఉండాది. ఆఫీసరు ఈ పేజీ ఊసే ఎత్తలేదు."

"అందరి ముందరా?"

సందీప్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

వానలు పడ్డాక తీర్పు వచ్చింది. భార్య ఇచ్చిన వివరణను పట్టించుకోకుండా కాదనడం తప్పని జడ్జి ఆ నిర్ణయాన్ని కొట్టేశాడు.

"అయితే వీసా వచ్చినట్టేనా?" అని ఫోనులో అడిగాడు ఆదినారాయణ.

"లేదు నాయనా. వేరే ఆఫీసరు మళ్లీ మొదట్నించీ చూస్తాడు. ఈసారి కొత్త కాగితాలు పెట్టొచ్చు."

మర్నాడే ఆయన ఆత్మకూరులో బస్సు దిగాడు. కోర్టు దగ్గర నోటరీ లాయరు అఫిడవిట్ టైపు చేయించి చదివి వినిపించాడు. అనారోగ్యం వల్ల కుమారుని వివాహానికి హాజరు కాలేకపోయానని అందులో ఉంది. పెద్దమనిషికి పరువుగా ఉంటుందని లాయరే అలా రాయించాడు.

ఆదినారాయణకు ప్రాణం కుదుటపడింది. పెన్ను కూడా అందుకున్నాడు. సందీప్ మొహం తిప్పుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు.

"ఆరోగ్యం బాగానే ఉన్నింది," అన్నాడు ఆదినారాయణ. "కులం చూసి పోలేదని రాయండి."

"ఏందన్నా, అట్ట రాస్తే..."

"అట్టనే రాయండి. ఆ పిల్ల రాసిందంతా నిజమని కూడా రాయండి."

బెంచీ మీద కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. అందులో వింజమూరు మనిషొకడు ఎరిగినవాడే. ఆదినారాయణకు చెవులు వేడెక్కిపోయాయి. మళ్లీ టైపు చేయించిన కాగితం మీద పెట్టిన సంతకం వంకరపోయింది.

క్రిస్మస్‌కు ముందే వీసా వచ్చింది. కొడుకును సాగనంపడానికి ఆత్మకూరు గదికి వచ్చినప్పుడు, జెస్సికా లైన్లో ఉందంటూ సందీప్ ఫోను చేతికిచ్చాడు. ఆమెతో చెప్పాలని ఆయన బస్సులో ఎన్నో మాటలు కూర్చుకుని వచ్చాడు.

"నమస్తే మామా. బాగుండారా? అన్నం తిన్నారా?"

"తిన్నానమ్మా."

ఫోను సందీప్‌కిచ్చేసి బయటికొచ్చి నిలబడ్డాడు.