తాటాకు చాటు గోడ

చాటలో రేషన్ బియ్యం పోసుకుని యువరాణి రాళ్లు ఏరుతోంది. సగం చాట అయిందో లేదో, సందులోని పెద్దలు నలుగురు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ముందు చెంగల్రాయుడు, ఆయన వెనకాల పక్కింటి చిన్నమణి. లోపల మంచంమీద ఉన్న నాయన పాపన్ లేచి కూర్చున్నాడు. వాళ్లు ఎందుకొచ్చారో తండ్రీబిడ్డలిద్దరికీ తెలుసు.

వేలూరు కొండ కింద ఆ సందులో ఉన్నవాళ్లంతా ఇళ్లు కట్టే కూలీలు, మేస్త్రీలు. ఊరికి మేడలు లేపిన చేతులు తమకు మాత్రం పోరంబోకు నేలలో గుడిసెలు వేసుకున్నాయి. పైకి చూస్తేనే అవి గుడిసెలు. తాటాకు తడిక తొలగిస్తే లోపల కొండరాతి పునాది, సిమెంటు పూత, వంకరలేని గోడ. గుడిసె అయితే తాలూకా ఆఫీసువాళ్లు చూసీ చూడనట్లు పోతారు. గోడ కనబడిందా, పడగొట్టేస్తారు. అందుకే ఆ గుట్టు సందు దాటకూడదని కట్టుబాటు.

తొంభై ఏడులో ఊళ్లోని ఒక సంఘంవాళ్లు కూలీల బతుకు ఎలా ఉంటుందో బయటివాళ్లకు చూపిస్తామని వచ్చినప్పుడు చెంగల్రాయుడు అడ్డం తిరిగాడు. "మమ్మల్ని చూడాలంటే మా పిల్లే చూపించాల. కెమెరా ఉండకూడదు. పిలవని ఇంట్లో అడుగు పెట్టకూడదు." లత్తేరి పక్క పల్లెలో పదో తరగతి దాకా చదివిన యువరాణిని ఆ పనికి ఎంచారు. ఆర్నెల్లుగా ఆమె వచ్చినవాళ్లను కుళాయి దగ్గరికి, రాళ్లు కొట్టే చోటికి నడిపించేది. తడికల ముందు మాత్రం ఎక్కడా ఆగేది కాదు.

పోయిన నెల మద్రాసు నుంచి బాలచంద్రన్ అనే ఆయన ఒక స్నేహితుణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. యువరాణి వాళ్లను సందులోకి తీసుకెళ్లింది. ఆడా మగా అంతా పనికి పోయిన వేళ. కాలు బెణికి పనికి పోని పాపన్ ఒక్కడే వాకిట్లో కూర్చుని ఉన్నాడు. యువరాణి ఆగకపోయినా బాలచంద్రన్ ఆగి, గుడిసెను ఎగాదిగా చూసి, స్నేహితుడితో తమిళంలో అన్నాడు: "ఊరికి మేడలు కడతారు గానీ, పాపం, తమకొక గోడ కట్టుకోవడం చేతగాదు. ఒక్క వానకు పోతుంది."

ముప్పై ఏళ్ల మేస్త్రీకి ఆ మాట పుండుమీద కారం.

"ఏం సార్, ఎవురికి చేతగాదు?" పాపన్ కుంటుకుంటూ పోయి తడిక పీకి పక్కన పడేశాడు. "ఇదో, తూకుగుండు వేలాడదీసి చూడు. గోడ నూలంత వాలి ఉంటే నా మీసం తీసేస్తా. పదకొండిండ్లు ఉండాయి సార్ ఇట్లాంటివి. అన్నీ ఈ చేత్తో కట్టినవే!"

"నాయనా, పోతుం, చాలించు" అంది యువరాణి. ఆయన వినే స్థితిలో లేడు.

బాలచంద్రన్ మెచ్చుకుని వెళ్లాడు. రెండు వారాలకు, చూపించిందెవరో చెప్పకుండా, ఆ గోడల గురించి పేపర్లో రాశాడు. నిన్న ఆఫీసువాళ్లు వచ్చి పదకొండు ఇళ్ల తడికలు లాగేసి, గోడలమీద ఎర్రరంగు నంబర్లు వేశారు. ఖాళీ చేయడానికి పదిహేను రోజులు గడువు.

"ఎవురు చెప్పినారు పాపన్?" అన్నాడు చెంగల్రాయుడు. అడిగింది ఆయన్ని, చూసింది యువరాణిని.

"ఇంకెవురు చెప్తారన్నా?" చిన్నమణి అందుకుంది. "వెనకాల ఇస్త్రీ చొక్కాలు నడస్తా ఉంటే దొరసానికి నోరు నిలుస్తాదా? నా కోడలు నిండు చూలాలు. దాన్ని యాడ పడుకోబెట్టేది మే, చెప్పు!"

యువరాణి నాయన వైపు చూసింది. గుట్టు బయటపెట్టినవాణ్ని ఆ సందులో ఎవరూ పనికి పిలవరు. అది ఆమెకూ తెలుసు. అయినా నిజం ఆయన నోటినుంచే వస్తుందని కాచుకుంది.

పాపన్ గొంతు సవరించుకున్నాడు. "చిన్నబిడ్డ అన్నా. తెలీక వాగినట్లుండాది. దాని బదులు నేను కాళ్లు పట్టుకుంటా, మన్నించండప్పా."

నిజంగానే వంగాడు. చెంగల్రాయుడు భుజాలు పట్టి లేపాడు. "నువ్వేం చేస్తావు, కన్నందుకు పడాల. ఇంక ఆ పిల్ల దేనికీ ముందు నిలబడకూడదు, అంతే."

"సరేనన్నా."

వాళ్లు వెళ్లిపోయారు. పాపన్ గోడకు చేరగిలబడి, కూతురి వైపు చూడకుండానే అన్నాడు: "రేపు పెండ్లయి పొయ్యే ఆడబిడ్డవి. నీకేం పోతాదిమ్మా? నేను ఈళ్ల మధ్య బతకాల గదా."

యువరాణి లేచింది. సగం ఏరిన బియ్యం చాటను నాయన ముందు పెట్టి, పమిట సర్దుకుని గుమ్మం దాటి వెళ్లిపోయింది.