దగ్గిన చొక్కా

ఇస్త్రీ ఆవిడ పొద్దున్నే కొట్టు తెరిచి, మూటలు విప్పి, బట్టల మీద నీళ్ళు చిలకరించి, ఏ ఇంటివి ఆ ఇంటివిగా చుట్టి పెట్టుకుంటుంది. పెట్టె వేడెక్కేలోగా టీ తాగుతుంది. తుఫాను తర్వాత ఈ వరసలో మారింది ఒక్కటే. నీళ్ళు చిలకరించాక కాసేపు చెవులు రిక్కించి వింటుంది. దగ్గిన బట్టని తీసి పక్కన పెడుతుంది.

ఎవరి చొక్కా దగ్గితే వాళ్ళు మూడో రోజుకి మంచం పడతారు. దగ్గిన రోజే ఊరు దాటిపోతే పడరు. ఇది కాలనీలో అందరికీ తెలుసు. తెలియందల్లా ఎక్కడికి పోవాలన్నదే. బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు ముందుగా "మావేమైనా దగ్గాయా వదినా?" అని అడిగేవాళ్ళు. దగ్గలేదంటే ప్రాణం లేచొచ్చినట్టయ్యేది. దగ్గాయంటే మొహం వేలాడేసుకుని ఇంటికి పోయేవాళ్ళు.

తుఫానుకి రంగుల ఫ్యాక్టరీ వెనకున్న మడ్డి గుంత గట్టు తెగింది. వరద నీళ్ళు వారంలో పోయాయి, మడ్డి ఉండిపోయింది. అది ఎండి, పొడై, అన్నం గిన్నెల మీదా దిండ్ల మీదా బూడిదరంగు పొరలా పడేది. అది మేం తెచ్చింది కాదు, వరద తెచ్చిందన్నారు ఫ్యాక్టరీవాళ్ళు. వరదని పిలిచి నిలదీయడం ఎవరి తరం?

అందరికన్నా ముందు దగ్గింది ఆవిడ కూతురి స్కూలు గౌనే. అప్పటికి దాని అర్థం ఎవరికీ తెలియదు. తెలిసేసరికి పిల్ల మంచం పట్టింది. ఆ ఒక్క రోజునీ చేతులారా పోగొట్టుకున్నానన్న బాధ ఆవిడని ఈనాటికీ వదల్లేదు. అందుకే ఎవరిది దగ్గినా ఆ పూటే చెప్పేస్తుంది.

రిటైరైన డ్రిల్లు మాస్టారు కాలనీ తరఫున కాళ్ళరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగితే, నాలుగు నెలలకి ఒక ఆఫీసరు వచ్చాడు. మంచివాడే. గెస్ట్‌హౌస్‌లో వారం పాటు ఉండి, వీధి వీధీ తిరిగి, సీసాల్లో మడ్డి పట్టుకున్నాడు. ఆఖరి రోజు పదకొండు గంటలకి నోటీసు మీద సంతకం పెడతానన్నాడు. అది పడితే ఫ్యాక్టరీ తన లారీలతోనే ఆ మడ్డిని ఎత్తుకుపోవాలి.

ఆ ముందు రోజు పొద్దున గెస్ట్‌హౌస్ మూటలో లేత నీలం చొక్కా దగ్గింది. ఒకసారి కాదు, రెండుసార్లు. శుభవార్త చెబుదామని వచ్చిన మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరిదమ్మాయ్ అది?"

"ఆఫీసరు గారిది."

కొట్టులో మూడో మనిషి లేకపోయినా మాస్టారు గొంతు తగ్గించాడు. "రేపు పదకొండు దాకా నోరు మెదపకు. సంతకం కాగానే నేనే దగ్గరుండి బస్సెక్కిస్తాను."

"రేపైతే లాభం లేదు మాస్టారూ. ఇవాళే వెళ్ళిపోవాలి."

"ఆయన ఒక్కడు. మనవి మూడొందల ఇళ్ళు."

మాస్టారు అన్నదాంట్లో తప్పేముంది? లోపలి గదిలో కూతురు దగ్గుతూనే ఉంది. ఆవిడ సరేనంది. మనస్ఫూర్తిగానే అంది.

సాయంత్రం చొక్కా కోసం ఆఫీసరు తనే వచ్చాడు. ఆవిడ తలెత్తకుండా కాగితంలో చుట్టి ఇచ్చింది.

"పాపకెలా ఉందమ్మా? రేపటితో మీ పీడ విరగడైనట్టే" అన్నాడాయన.

పిల్ల సంగతి అడక్కుండా ఉంటే ఏమయ్యేదో గానీ, అడిగాడు.

"సార్, మీ చొక్కా దగ్గింది."

వారం రోజులుగా ఆ కాలనీలో తిరుగుతున్న మనిషికి ఇంకేం చెప్పక్కర్లేదు. ఆయన వాచీ చూసుకున్నాడు.

"ఇప్పుడే సంతకం పెట్టేసి వెళ్ళండి సార్, మీకు పుణ్యముంటుంది."

"సీలు లేకపోతే చెల్లదమ్మా. సీలేమో ఆఫీసులో ఉంది. పొద్దున గాని తెరవరు." చొక్కా పొట్లాం చంకలో పెట్టుకున్నాడు. "మా అమ్మాయికి ఆరేళ్ళు" అన్నాడు. "నా బదులు ఇంకొకర్ని పంపిస్తారులే" అని గోడ వైపు చూస్తూ అనేసి, ఆరింటి బస్సుకి వెళ్ళిపోయాడు.

మర్నాడు మాస్టారు కొట్టు ముందు నిలబడి అరిచాడు. "ఒక్క పూట! ఒక్క పూట నోరు కట్టుకోలేకపోయావా?"

"లేకపోయాను మాస్టారూ."

ఆయన అక్కడే బల్ల మీద కూలబడ్డాడు. ఎంత సేపటికీ లేవలేదు.

ఇంకొకరెవరూ రాలేదు. కాలనీవాళ్ళు ఆవిడతో పోట్లాడలేదు. బట్టలు ఇచ్చారు, దగ్గాయా అని అడిగారు, వదినా అనడం మాత్రం మానేశారు.

రెండు నెలల తర్వాత ఆఫీసరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆవిడకి చదువు రాదు. కూతురు దిండుకి ఆనుకుని చదివింది. పరీక్షలన్నీ చేయించుకున్నాడట. ఛాతీలో ఏ దోషమూ లేదన్నారట. మీరు చేసిన మేలు ఈ జన్మలో మరిచిపోలేనని రాశాడు. ఇంత చిన్న ఉత్తరానికి పిల్ల రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

"పోన్లే, బాగున్నాడు" అంది తల్లి. నిజంగానే ఆవిడకి సంతోషం వేసింది. వేసినందుకు సిగ్గూ వేసింది.

"మడ్డి సంగతేమీ రాయలేదేంటమ్మా?"

"వెనక్కి తిప్పి చూడవే."

కూతురు తిప్పి చూసింది. తర్వాత కవరు కూడా దులిపి చూసింది.