పావలా టిక్కెట్టు, చెంబెడు నీళ్ళు

పాలగుట్టకి టిక్కెట్టు పెట్టించింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే మీకొక పని తప్పుతుంది. చివర్లో మీకు కోపం వస్తే ఎవరి మీద చూపించాలో వెతుక్కోనక్కర్లేదు.

అప్పట్లో నేను నందిగామలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాని. ఏ ఆఫీసో చెప్పను. కాపురం జగ్గయ్యపేటలో. పొద్దున్న ఏడున్నర బస్సుకి వెళ్ళి, సాయంత్రం దొరికిన బస్సుకి, దొరక్కపోతే సున్నపురాయి లారీకి తిరిగొచ్చేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళు అలాగే తిరిగాను. నడుము నొప్పి ఎప్పట్నించని డాక్టరు అడిగితే ఉద్యోగం వచ్చినప్పట్నించి అని చెప్పాను.

పాలగుట్ట మా ఊరికి నాలుగు మైళ్ళు. వేదాద్రి వెళ్ళే దారిలో పక్కకి తిరగాలి. తెల్లటి రాతి గుట్ట. గుడి లేదు, గోపురం లేదు. పైన ఎకరం మేర చదును నేల, ఇరవై రెండు ఉసిరిచెట్లు, వాటి కింద నీడ, దూరంగా కృష్ణ. కార్తీకమాసం వస్తే చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడికే వనభోజనాలకి కదిలేవి. మిగతా రోజుల్లో ఆదివారం పూట కాలేజీ కుర్రాళ్ళు, గాలి కోసం వచ్చే ఉద్యోగస్థులు.

రాతి మీద మూరెడు మట్టిలో ఆ చెట్లు ఎలా బతికాయంటే, ఎక్కేవాళ్ళే బతికించారు. గుట్ట మొదట్లో ఒక దిగుడుబావి ఉంది. దాని గట్టున పాతికా ముప్ఫై చెంబులు బోర్లించి ఉండేవి. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ ఎత్తుకుపోయేవారు కాదు. గుట్ట ఎక్కే ప్రతి మనిషీ ఒక చెంబు ముంచుకుని పైకి మోసుకెళ్ళి, ఏదో ఒక చెట్టు మొదట్లో పోసి, ఆ తర్వాతే విస్తరి ముందు కూర్చోవాలి. కొత్త పెళ్ళికొడుకైనా అంతే, మునసబుగారైనా అంతే. మా అమ్మ దుర్గాంబ ఎప్పుడూ పడమటి కొసన ఉన్న వంకర చెట్టుకే పోసేది. అంత దూరం నడిచి దానికెవరూ పొయ్యరని ఆవిడ అనుమానం. "నాలుగు చుక్కలు ఒలికినా పర్లేదు, చెంబు మాత్రం మధ్యలో దించకురా" అనేది నాతో. అమ్మ పోయాక నేనూ ఆ చెట్టుకే పోసేవాణ్ణి.

గుట్టని కనిపెట్టుకుని రత్తయ్య ఉండేవాడు. అతన్ని ఎవరూ నియమించలేదు. బావిలో పూడిక తీసేవాడు, ఎంగిలి విస్తళ్ళు ఎత్తి తగలబెట్టేవాడు, మెట్లలో రాయి కదిలితే సర్దేవాడు. కార్తీకంలో మిగిలిన పులిహోరా, నాలుగు చిల్లర డబ్బులూ అతనివి. మిగతా పదకొండు నెలలూ ఏం తినేవాడో మేమెవరం అడగలేదు. డెబ్బై ఏడులో అతని భార్య పున్నమ్మకి జబ్బు చేసింది. బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడానికి బస్సు చార్జీలు పోగయ్యేసరికి రెండు రోజులు పట్టింది. ఆవిడ దక్కలేదు. ఆ సంగతి నాకు నెల తర్వాత తెలిసింది. ఇన్నేళ్ళూ ఆ మనిషి ఊడ్చిన చోట కూర్చుని తిన్నానే అని సిగ్గేసింది.

ఆ సిగ్గుతోనే ఆఫీసులో పైవాళ్ళకి నోటు రాసి పెట్టాను. గుట్ట ఎక్కేవాళ్ళకి మనిషికి పావలా టిక్కెట్టు, చిన్నపిల్లలకి లేదు. వచ్చినదాంతో రత్తయ్యకి నెలకి డెబ్బై అయిదు రూపాయల జీతం, మెట్లకి సిమెంటు, కింద ఒక ఇనప గేటు. దాని మీద ఊరి పెద్దలతో మీటింగు జరిగింది. జగ్గయ్యపేట కిరాణా వర్తకుడు సుబ్బరాయుడుగారు లేచి నిలబడ్డారు.

"కొండకి టిక్కెట్టేంటండీ వరప్రసాదరావుగారూ? అది మీరు కట్టించారా, నేను కట్టించానా? రేపు కృష్ణలో మునిగితే మునక్కింతని వసూలు చేస్తారు."

"కొండ ఎవరూ కట్టలేదండీ. ఊడ్చేవాడు మాత్రం ఒకడున్నాడు. వాడికెవరు పెట్టాలి? జన్మలో ఆ గుట్ట మొహం చూడని రైతు కట్టే శిస్తులోంచి ఇవ్వమంటారా? తిరిగేవాళ్ళం మనం. మనమే ఇచ్చుకుందాం."

"మరి కూలోడు పెళ్ళాం బిడ్డల్తో వస్తే? వాడికి పావలా అంటే మాటలా?"

ఆయన చెప్పింది తప్పని నేను అప్పుడూ అనుకోలేదు. కాని పున్నమ్మ సంగతి చెప్పాను. సుబ్బరాయుడుగారు కూర్చున్నారు.

నోటులో అన్నీ రాశాను. గేటుకి వెయ్యాల్సిన రంగు, టిక్కెట్టు పుస్తకాలు, రత్తయ్యకి రెండు ఖాకీ చొక్కాలు, ఒక తాళం. చెంబుల సంగతి మాత్రం రాయలేదు. మరిచిపోయి కాదు. అది కూడా ఒక పని అనీ, దాన్నెవరో ఒకరు చెయ్యాలనీ నాకు తోచనేలేదు. ఆ మీటింగులో ఉన్న పద్నాలుగు మందీ ఎప్పుడో ఒకప్పుడు ఆ గుట్ట మీదికి నీళ్ళు మోసినవాళ్ళే. ఒక్కరికీ తోచలేదు.

డెబ్బై ఎనిమిది కార్తీకంలో గేటు పెట్టాం. మొదటి ఆదివారం నేను పెళ్ళివారి మనిషిలా అక్కడే నిలబడ్డాను. రత్తయ్య కొత్త ఖాకీ చొక్కాలో బిగుసుకుపోయి టిక్కెట్లు చింపుతున్నాడు. జనం పావలాలిచ్చి నేరుగా మెట్లెక్కి పోతున్నారు. చెంబులు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. హైస్కూల్లో లెక్కలు చెప్పే భారతీదేవిగారు పిల్లల్ని వెంటేసుకుని గేటు దాటారు.

"చెంబు మరిచిపోయారండీ" అన్నాను నవ్వుతూ.

ఆవిడ ఆగి నా వైపు చూశారు. "టిక్కెట్టు తీసుకున్నాం కదండీ. ఇంకా నీళ్ళు కూడా మేమే మొయ్యాలా? ఆ డబ్బులు దేనికి మరి?"

ఆవిడ దెప్పలేదు, నిజంగానే అడిగారు. ఆలోచిస్తే ఆవిడ అన్నది సబబుగానే తోచింది. ఆఫీసు మనిషినని నాకు ఉచిత పాసు ఇచ్చారు. దాన్ని జేబులో పెట్టుకుని నేనూ మెట్లెక్కాను.

ఎండాకాలం వచ్చేసరికి చెట్లు వడిలాయి. నీళ్ళు మొయ్యడానికి ఇద్దరు మనుషులు కావాలని మళ్ళీ నోటు పెట్టాను. నీళ్ళకి పద్దు లేదని తిరిగొచ్చింది. ఇంకోటి పెట్టాను, అదీ తిరిగొచ్చింది. ఈలోగా రత్తయ్య కావడి కట్టుకున్నాడు. గేటు తియ్యకముందు నాలుగు కావిళ్ళు, మూసేశాక నాలుగు. అరవై దాటిన మనిషి. పైగా ఎనభైలో వానలు సరిగ్గా పడలేదు.

నెలనెలా జీతానికి నందిగామ వచ్చేవాడు. వేలిముద్ర వేసి, తలగుడ్డతో వేలు తుడుచుకుంటూ ఒకే మాట చెప్పేవాడు. "పందొమ్మిదండి బాబుగారూ." కొన్ని నెలలు పోయాక "పదహారండి." ఇంకో ఏడాదికి "పదకొండు." ఏవి పోయాయని నేను అడగలేదు. అడిగితే వెళ్ళి చూడాలి. ఆ రోజుల్లో ఆఫీసునించి ఇల్లు చేరడమే నాకు గగనంగా ఉండేది, ఇక గుట్ట ఎక్కేదెక్కడ? చూస్తానులే రత్తయ్యా అనేవాణ్ణి. అతను తల ఊపి బస్టాండుకి పోయేవాడు.

ఎనభై రెండులో సంతకం లేని ఉత్తరం ఒకటి వచ్చింది. గుట్ట మీద జనం కిటకిటలాడుతున్నారనీ, టిక్కెట్లు మాత్రం తెగడం లేదనీ, కాపలావాడు డబ్బులు తినేస్తున్నాడనీ. విచారణకి నన్నే పంపారు. కార్తీకమాసం, ఆదివారం. గేటు పక్కన సోడాబండి చాటున నిలబడ్డాను.

వచ్చిన ప్రతివాళ్ళనీ రత్తయ్య ఒకటే అడుగుతున్నాడు. "టిక్కెట్టా, చెంబా?"

చెంబు అన్నవాళ్ళని ఊరికే పోనిస్తున్నాడు. పదిమందిలో ఏడుగురు చెంబే అంటున్నారు. కూలి జనం బిందెలే తెచ్చుకున్నారు. భారతీదేవిగారు కూడా ఒక చెంబు ముంచుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని మెట్లెక్కడం చూశాను. గేటు దగ్గర నవ్వులు వినపడుతున్నాయి. నాలుగేళ్ళ తర్వాత ఆ చోట నవ్వులు వినడం అదే మొదలు.

నేను చాటునించి ఇవతలికి వచ్చాను. రత్తయ్య నన్ను చూసి కంగారు పడలేదు.

"డబ్బులు నేను తిన్లేదండి బాబుగారూ."

"నాకు తెలుసు రత్తయ్యా. కాని టిక్కెట్టు లేకుండా పంపించకూడదు కదా. నీ ఉద్యోగం పోతుంది."

"తొమ్మిదున్నాయండి. ఈ లెక్కన నీళ్ళు పడితే తొమ్మిదీ ఉంటాయి." ఒకాయనకి చెంబు అందించి మళ్ళీ అన్నాడు. "నా వల్ల కావట్లేదండి. మోకాళ్ళు ఒప్పుకోవట్లేదు. చూసింది చూసినట్టు రాసేయండి. జీతం రాకముందూ బతికా కదా."

ఆ ముందు బతికిన బతుకేమిటో నాకు తెలుసు. అతనికీ తెలుసు. ఇద్దరం పున్నమ్మ పేరు ఎత్తలేదు.

చూసింది చూసినట్టే రాశాను. ఒక్క పైసా తినలేదని రాశాను. టిక్కెట్టో, చెంబో, ఎవరిష్టం వాళ్ళదని నిబంధన మార్చమనీ, రత్తయ్య జీతం కదపొద్దనీ రాశాను. మా ఆఫీసరు చెడ్డమనిషి కాదు. ఓపిగ్గానే చదివారు.

"మీ రత్తయ్య మంచివాడేనండీ. కాని సర్కారు రాబడిని చెంబుల్లో ఎలా జమ కట్టమంటారు?" అన్నారు.

రత్తయ్యని తీసేశారు. గేటుని సంత పాటలాగే వేలం వేశారు. పాడుకున్నవాడు టిక్కెట్టు అర్ధరూపాయి చేసి, తన మనిషిని కూర్చోబెట్టాడు. నాకింకా ఆరేళ్ళ సర్వీసుంది. నోరు మూసుకున్నాను. ఆ మాట ఎలా తిప్పి రాసినా ఇంకోలా రాదు.

మరుసటి కార్తీకంలో ఒక ఆదివారం ఊరుకోలేక వెళ్ళాను. పాసు ఇప్పుడు చెల్లదు. టిక్కెట్టు కోసం వరసలో నిలబడితే, నా ముందు నలుగురి అవతల రత్తయ్య ఉన్నాడు. ఖాకీ చొక్కా కాదు, చిరుగుల బనీను. భుజాన కావడి. తన వంతు రాగానే మొలలోంచి అర్ధరూపాయి తీసి ఇచ్చాడు. గేటు మనిషి టిక్కెట్టు చింపి ఇచ్చాడు. రత్తయ్య దాన్ని చెవి పక్కన తలగుడ్డలో దోపుకుని బావిలోకి దిగాడు.

నేనూ టిక్కెట్టు తీసుకుని వెనకే వెళ్ళాను. "నీకు టిక్కెట్టేంటి రత్తయ్యా?"

"అందరికీ ఉన్నదే కదండి. దిగి మళ్ళీ ఎక్కితే మళ్ళీ టిక్కెట్టు. అందుకే ఆదివారం రెండు కావిళ్ళతో సరిపెడుతున్నా. మిగతా రోజులు క్వారీలో కంకర కొడుతున్నానండి."

"రెండో టిక్కెట్టు నేను తీస్తాను."

"వద్దండి." కడవ ముంచుతూ అన్నాడు. "చెయ్యి ఖాళీగా ఉంది కదా, మీరో చెంబు తీసుకోండి."

గట్టున మూడే చెంబులు మిగిలాయి. ఒకటి తీసి ముంచాను. గేటు పెట్టిన రోజునించి నేను ఒక్క చెంబూ మోయలేదన్న సంగతి అప్పుడు తట్టింది. అయిదేళ్ళు. నీళ్ళ కోసం నోట్లు మాత్రం రెండు పెట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మెట్టు మెట్టుకీ ఆయాసం. రత్తయ్య కావడితో ముందు పోతున్నాడు, రెండు మలుపుల దగ్గర నా కోసం ఆగాడు. అమ్మ చెప్పినట్టు చెంబు ఎక్కడా దించలేదు. ఒలక్కుండా నీళ్ళ వంకే చూసుకుంటూ నడిచాను. పైకి చేరాక కాళ్ళు వాటంతటవే పడమటి కొసకి వెళ్ళాయి. వంగి, వంకర చెట్టు మొదట్లో నీళ్ళు వంచాను. సగం చెంబు అయ్యేసరికి వెనక రత్తయ్య గొంతు మెల్లిగా వినపడింది.

"అది పోయి రెండేళ్ళయిందండి బాబుగారూ. మిగిలినవి పక్కదానికి పొయ్యండి."