విరిగిన చెయ్యి గీసినవాడు

దేశం కాని దేశంలో, బెడోక్‌లో పన్నెండో అంతస్తు ఫ్లాటులో ఉండే హాజరాకు లిఫ్టు ఆగినా భయమే, పక్కింటి తలుపు గట్టిగా పడినా భయమే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే భర్త ముఖ్తార్ పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఆమె మనసు ఆసుపత్రి దాకా వెళ్లి వచ్చేది. అలాంటి మనిషి ముందు కూతురు నిదా రెండు బొమ్మలు పరిచింది. నూట యాభై ఏళ్ల కిందటి పత్రికల్లో అచ్చయిన యుద్ధచిత్రాలు. రెండింట్లోనూ దెబ్బలు తిన్న సిపాయిలే.

"తీసెయ్ బేటీ! అన్నం తినే బల్ల మీద రక్తమేంది? జరమొస్తది నీకు."

"హిస్టరీ ప్రాజెక్ట్ అమ్మీ. ఒకటి యుద్ధంలో కళ్లారా చూసి గీసింది, ఇంకోటి ఊళ్లో కూర్చుని ఊహించి గీసింది. కింద రాసింది టీచర్ కట్ చేసేసింది. ఏది నిజమో రేపు క్లాసులో నేనే చెప్పాలి. తప్పు చెప్తే అందరూ నవ్వుతారు లా" అంది నిదా, అక్కడి బడి పిల్లల యాసలో.

"మొదటిదే. ఆ డీటెయిల్ చూడు, కోటు గుండీలు కూడా కనిపిస్తున్నయి" అన్నాడు ముఖ్తార్. నిదా కూడా అదే అనుకుంది. రెండోదాంట్లో ఏముంది? గజిబిజి గీతల మధ్య బండి చక్రానికి ఆనుకుని కూర్చున్న ఒక సిపాయి, అంతే.

హాజరా ఓరకంట చూసింది. తర్వాత కాగితాలు రెండూ దగ్గరికి లాక్కుంది. ఆమె తండ్రి హైదరాబాదు పాతబస్తీలో ఎముకలు సరిచేసి కట్లు కట్టే పహిల్వాను. ఏడో తరగతితో చదువు ఆగిపోయాక, పెళ్లయ్యేదాకా ఆయన పక్కనే కూర్చుని గుడ్డ పట్టీలు చింపి ఇచ్చింది.

"ఇది అబద్ధం" అంది మొదటి బొమ్మ మీద వేలు పెట్టి. "చెయ్యి విరిగినోడు కట్టు కట్టిన ఆ చెయ్యే ఎత్తి జెండా చూపిస్తడా? మా అబ్బా దగ్గరికొచ్చిన కుస్తీ వస్తాదులే చిన్నపిల్లల్లెక్క ఏడ్చేటోళ్లు. ఇగో, ఈ రెండోదాంట్ల వీణ్ణి చూడు. విరిగిన చెయ్యిని మంచి చేత్తో కిందినుంచి పట్టి కడుపుకు ఆనించుకున్నడు. భుజం చెవి దాకా లేచింది. ఎముక విరిగితే ఎవరూ నేర్పకుండనే మనిషి ఇట్ల పట్టుకుంటడు. గీసినోడు వీణ్ణి చూసిండు."

"పక్కానా హాజరా? నలుగురిలో పిల్ల పరువు" అన్నాడు ముఖ్తార్.

మామూలుగా అయితే ఆ మాటకు ఆమె గుండె దడదడలాడాలి. ఒక్క క్షణం ఆగి చూసుకుంది. దడ లేదు.

"గ్యాస్ కట్టేసిన్నో లేదో చెప్పలేను గానీ, ఇది చెప్పగలను."

మర్నాడు మధ్యాహ్నం నిదా పరుగెత్తుకుంటూ వచ్చింది. హాజరా మొదట కూతురి మోకాళ్లు చూసింది, ఎక్కడన్నా పడిందేమోనని.

"రెండోదే అమ్మీ! యుద్ధం మధ్యలోనే గీశారని కింద రాసుందట. క్లాసులో సగం మంది మొదటిదే అన్నారు. నేను మీ మాటలే చెప్పా. విరిగిన చెయ్యి ఎలా పట్టుకుంటారో అందరికీ చూపించమని టీచర్ మిమ్మల్ని రమ్మంటోంది. భయపడకండి, ఇంగ్లీషు నేను మాట్లాడతా."

"ఇంగ్లీషెందుకే? వరసగా నిలబడమను. ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని చూపిస్త" అంది హాజరా. "ఎన్ని గంటలకు రావాల్నో అడిగినవా?"