వెలిసిపోని చొక్కా

ఆదివారం చర్చి నుంచి రాగానే తెవకాన్ ఊళ్ళో ఆడవాళ్ళంతా డాబాలెక్కి బట్టలుతుకుతారు. పన్నెండయ్యేసరికి ఏ డాబా చూసినా దండేల మీద ఆకుపచ్చ చొక్కాలే. మిరపకాయలు ఊరవేసి డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ ఇచ్చిన చొక్కాలవి. ఆ దేశంలో ఎవరైనా కంపెనీని సొంతిల్లనుకుని చాకిరీ చేస్తే "వాడు చొక్కా తొడుక్కున్నాడు" అంటారు. మిగతా ఊళ్ళల్లో అది ఉత్త మాట. ఈ ఫ్యాక్టరీ చొక్కాలు మాత్రం ఆ మాటని నిజమనుకున్నాయి. తొడుక్కున్నవాళ్ళకి కంపెనీ మీద మనసుంటే పచ్చగా ఉండేవి, విరిగితే వెలిసిపోయేవి. సబ్బుని తిట్టి లాభం లేదు, ఎండని తిట్టీ లాభం లేదు.

డిసెంబరులో పండగ బోనసూ, మనిషికో టర్కీ కోడీ ఇచ్చిన వారం వీధులన్నీ పచ్చగా నిగనిగలాడేవి. క్యాంటీన్లో మాంసం మానేసి ఉత్త చిక్కుడు గింజలు పెట్టిన మర్నాడు మూడొందల చొక్కాలు ఒక్కసారే గంజి రంగుకి దిగాయి. మేనేజరు కిటికీలోంచి చూసి, బుధవారానికల్లా మాంసం తెప్పించాడు. దొనాతో అనే మెకానిక్ బజార్లో రంగు కొని అద్దుకున్నాడు గానీ, పాపం, చెమట పట్టగానే కారి ప్యాంటంతా పచ్చనైంది. ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

హసింతా చొక్కా ఒక్కటే ఐదేళ్ళుగా రంగు దిగలేదు. ఆమె కూతురు సెనైదా గ్రహణం మొర్రితో పుట్టింది. కంపెనీ డాక్టరు చూసి, పుయెబ్లా పెద్దాసుపత్రికి పంపించి, కంపెనీ ఖర్చుతోనే పెదవి కుట్టించాడు. ఆ పిల్ల ఇప్పుడు ఈలలేసుకుంటూ మెట్లెక్కుతుంది. ఆ ఈల వినపడ్డప్పుడల్లా హసింతాకి ఫ్యాక్టరీ గేటుకి దణ్ణం పెట్టాలనిపించేది. చిక్కుడు గింజలు పెట్టినా తిట్టలేదు, ఓవర్‌టైం ఏనాడూ కాదనలేదు.

"మా వదిన చొక్కా చూసి మిరపకాయలే సిగ్గుపడుతున్నాయర్రా!" అని పక్క డాబా మీంచి ఒబ్దూలియా ఏడిపించేది.

ఒబ్దూలియా సెనైదాకి జ్ఞానతల్లి. ఆ వరసనే ఇద్దరూ ఒకర్నొకరు వదినా అని పిలుచుకునేవాళ్ళు. బాప్తిస్మం నాడు పిల్లనెత్తుకుని, ఆ మొర్రి మూతి మీదే ముద్దు పెట్టి, "దీన్ని ఎవరైనా ఏమన్నా అన్నారో, పళ్ళు రాలగొడతా" అన్న మనిషి.

ఆ ఒబ్దూలియా కుడిచేతి వేళ్ళు రెండు, మార్చి నెలలో, డబ్బాలకి మూతలు బిగించే మిషన్లో పడి పోయాయి.

ఆ మిషనుకి అడ్డంగా ఇనుప జాలీ ఉండాలి. "దాంతో డబ్బాలు ఆగిపోతున్నాయి, ఊడబీకండి," అన్నాడు ఫోర్‌మన్. అతనే విప్పాడు. పానా అందించింది హసింతా. ఇంకెవరూ చూడలేదు. కంపెనీ మాత్రం జాలీ ఒబ్దూలియాయే విప్పిందని రాసింది. తప్పు ఆమెదని తేలితే పరిహారమూ లేదు, ఉద్యోగమూ లేదు. ఎనిమిది వేళ్ళ మనిషికి ఆ ఊళ్ళో ఇంకెవరు పనిస్తారు?

ఒబ్దూలియా కార్మిక కోర్టుకెక్కింది. విచారణకి ముందురోజు మేనేజరు హసింతాని గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదలు.

"పాప ఎలా ఉంది?"

"మీ దయ మేనేజరు గారూ. ఈలలేస్తోంది."

"అంగిట్లో ఇంకో ఆపరేషన్ ఉందటగా. సెలవుల్లో చేయించేద్దాం." అంటూ ఒక కాగితం ఆమె వైపు జరిపాడు. "రేపు అక్కడ ఇది చెప్పు. ఒబ్దూలియా విప్పుతుంటే నువ్వు వద్దన్నావు, ఆమె వినలేదు. అంతే. ఆ చొక్కా వేసుకునే రా, నీ మాటకి విలువుంటుంది."

హసింతా ఆ కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

"మేం చేసిన మేలు మర్చిపోయే మనిషివి కావు నువ్వు," అన్నాడతను నవ్వుతూ.

ఐదేళ్ళలో ఆ మాట ఒక్కరూ అనలేదు. అనకపోబట్టే ఆమె ఏ రోజూ మర్చిపోలేదు. ఆ సాయంత్రం పాప ఈలేసుకుంటూ మెట్లెక్కుతుంటే హసింతా మొదటిసారి చెవులు మూసుకుంది.

కార్మిక కోర్టు ఒక ఇరుకు గది. విచారణ చేసే జడ్జి అమాతిస్తా గారి తల్లి అదే ఫ్యాక్టరీలో మిరపకాయల తొడిమలు తీసి కూతుర్ని చదివించింది; ఆ చొక్కాల సంగతి ఆవిడకి చిన్నప్పట్నుంచీ తెలుసు. ఒబ్దూలియా చేతిని శాలువాలో దాచుకుని కూర్చుంది. హసింతాని చూడగానే ఆమె మొహం విప్పారింది. "మా వదినొచ్చింది, ఇంక భయం లేదు," అని పక్కనున్న లాయరుతో పైకే అంది.

హసింతా నేల చూపులు చూస్తూ చెప్పింది. "జాలీ... ఒబ్దూలియాయే విప్పింది."

ఒబ్దూలియా నవ్వు వెంటనే పోలేదు. సరిగ్గా వినపడలేదేమో అన్నట్టు ముందుకు వంగింది.

"నేను వద్దన్నాను," అంది హసింతా. ఛీ, ఏం బతుకు నాది, అనుకుంది అంటూనే.

అప్పుడే ఆమె చొక్కా కాలరు దగ్గర తెల్లబడింది. తెలుపు భుజాల మీదికి పాకి, చేతుల్లోంచి దిగి, అంచు దాకా వచ్చేసింది. గదిలో అందరూ చూశారు, ఎవరూ ఆశ్చర్యపోలేదు. అమాతిస్తా గారు కళ్ళజోడు పెట్టుకున్నారు.

"గుమాస్తా గారూ, సాక్షి వచ్చినప్పుడు చొక్కా ఏ రంగు?"

"ముదురు పచ్చండీ."

"ఇప్పుడో?"

"తెలుపండీ."

"రాసుకోండి." ఆవిడ హసింతా వైపు తిరిగారు. "కంపెనీ కోసం సాక్ష్యం చెబుతూ చెబుతూ కంపెనీ మీద మనసు విరిగిందంటే, ఆ సాక్ష్యం నీది కాదమ్మా. జాలీ తీసిందెవరు?"

హసింతా నోరు విప్పలేదు. అప్పుడైనా విప్పలేదు. తీర్పుకి చొక్కా సరిపోయింది. ఒబ్దూలియాకి పరిహారం ఇవ్వాలనీ, తేలిక పనిలో పెట్టి ఉద్యోగం ఉంచాలనీ రాశారు. అంగిటి ఆపరేషన్ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం హసింతా తెల్ల చొక్కా ఉతుకుతుంటే ఒబ్దూలియా పక్క డాబా దిగి, ఈ మెట్లెక్కి వచ్చింది. చంకలో తమాలేలనే మొక్కజొన్న కుడుముల గిన్నె, వేడి వేడిగా.

"ఎంత తెలివైనదానివే వదినా!" అంది. "నోటితో వాళ్ళ మాట, ఒంటితో నా మాట! భలే చెప్పావు."

ఊఁ అంటే అయిపోయేది. హసింతా సబ్బు నురగలోకి చూస్తూ నిలబడింది.

"చెప్పింది చొక్కా, వదినా. నేను కాదు. నేను నీ నోటి దగ్గర కూడు తీయడానికే కోర్టుకొచ్చాను. పానా అందించింది కూడా నేనే."

ఒబ్దూలియా ఆ తడి చొక్కా అందుకుని దులిపింది. మిగిలిన మూడు వేళ్ళతో క్లిప్పు పట్టుకోవడం ఇంకా అలవాటు కాలేదు, రెండుసార్లు జారిపోయింది. మూడోసారికి దండెం మీద నిలిచింది.

"తెలుసు," అంది. "అక్కడ నీ మొహమే చూస్తూ కూర్చున్నా కదా. నీ నోటితో నువ్వే ఒప్పుకుంటావో లేదో చూద్దామనే వచ్చా."

గిన్నె తొట్టి గట్టు మీద పెట్టి మెట్లు దిగిపోయింది. కింద సెనైదా జ్ఞానతల్లిని చూసి ఈలేసింది. ఒబ్దూలియా కూడా తిరిగి ఈలేసింది. ఆ తిట్టని తిట్టు భరించలేక హసింతా తొట్టి పక్కనే కూలబడి, తమాలేలు చల్లారిపోయేదాకా తలెత్తలేదు.