చివరి కొస

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, నేను పక్కన లేనప్పుడు ఫ్లూరీనాకి ఊపిరాడకపోవడం. నా ఎనిమిది నెలల కూతురు. అందుకే ఆ రోజు కూడా దాన్ని వీపున కట్టుకునే కేబుల్ కారు పనివాళ్ళకి సూప్ మోశాను. జీతం లేని వంటమనిషిని. నా మొగుడు రేటో అక్కడే పనిచేస్తాడు కాబట్టి, వంట నా బాధ్యతని అందరూ అనేసుకున్నారు.

స్కీయింగ్ చేసే రెండు కొండల మధ్య, ఒక్క స్తంభమైనా లేకుండా మూడు కిలోమీటర్లకు పైగా కేబుల్ కారు వేస్తున్నారు. ఈ రకంలో ఇంత పొడుగుది ప్రపంచంలో లేదట. క్యాబిన్లను లాగే ఇనుప తాడు రెండు కొసల్నీ ఆ రోజు కలుపుతున్నారు. ముడి ఉండదు. పేటలు విప్పి, ఎదురు పేటలతో అల్లి, కొసల్ని తాడు కడుపులోకి దూరుస్తారు. నాన్న జీవితమంతా చేసిన పని. నేనూ రెండేళ్ళు నేర్చుకున్నాను, కడుపుతో ఉన్నానని తెలిసి చదువుతో పాటే అదీ ఆగిపోయేదాకా. "ఇక ఆదివారం ఆదివారం రొట్టెపిండిని జడలా అల్లుకో, చాలు," అన్నాడు రేటో. నవ్వుతూనే అన్నాడు.

గడ్డి మీద పరిచిన తాడు వెంట నడిచాను. బరువు మోస్తూ అడుగులు లెక్కపెట్టుకోవడం నాకలవాటు. కొస దూర్చిన చోటికీ చోటికీ మధ్య పదమూడు. ఒక్క దగ్గర మాత్రం పది. వెనక్కి వెళ్ళి మళ్ళీ నడిచాను. పదే. కొసలు మరీ దగ్గరైతే తాడుకి అక్కడ బలం తగ్గుతుంది.

"గియేరి గారూ, ఇక్కడ దూరం తక్కువైంది," అన్నాను మేస్త్రీతో.

"నీ సూప్‌లో ఉప్పు తక్కువైంది, ముందు అది చూడు," అన్నాడెవరో. అందరూ నవ్వారు.

"పరువు తియ్యకే. చదువు పూర్తిచేసినవాళ్ళున్నారిక్కడ," అన్నాడు రేటో.

వీపు మీద పాప కదిలింది. రేపు ఈ తాడుకి ఎవరి పిల్లలు వేలాడతారో.

"కొలవండి. నా లెక్క తప్పైతే మళ్ళీ ఈ గడ్డి మీద అడుగు పెట్టను."

గియేరి నాన్న శిష్యుడే. టేపు పరిచి, రెండుసార్లు కొలిచాడు. "మీ నాన్న ఉంటే నన్ను లోయలోకి తన్నేవాడు," అంటూ అల్లిందంతా విప్పించాడు. రెండ్రోజులు మళ్ళీ అల్లాక చివరి కొస మిగిలింది. "రా అమ్మాయ్. ఇది నీది," అన్నాడు నాతో.

గరిటె రేటో చేతిలో పెట్టాను.

చివరి కొస దూర్చినవాళ్ళే మొదటి క్యాబిన్ ఎక్కాలి, మా దగ్గర పద్ధతి అది. బయల్దేరే ముందు అతుకు చక్రాల మీంచి దాటింది, చిన్న కుదుపైనా లేదు. ఇప్పుడు లోయకి నాలుగొందల మీటర్ల పైన కూర్చుని ఇది రాస్తున్నాను. సోమవారం నించి పనిలోకి రమ్మన్నాడు గియేరి, గరిటె లేకుండా, జీతానికి. వస్తానన్నాను.

పాపని మొదటిసారి వాళ్ళ నాన్న దగ్గర వదిలి వచ్చాను. దానికి ఊపిరి బాగానే ఆడుతుంది. మీరు మా వీధి వైపు వెళ్తే, చర్చి పక్కన ఆకుపచ్చ తలుపు, ఒకసారి తట్టండి. రేటోకి ఊపిరాడుతోందో లేదో చూసి రండి.