దవనం మడి

"నేను పక్కన లేకుంటే ఈ మడికి ఏదో ఒకటి అయితది. అయితే అది నా బిడ్డ మీదికే వస్తది" అన్నాను పైకే, నా కూతురు నీల పెద్దమనిషయిన పొద్దున. అప్పటికింకా ఏమీ కాలేదు. దవనం మొలకలు మడి నిండా నూగులాగా పచ్చగానే ఉన్నాయి.

"నీ నోట ఒక్క మంచి మాట రాదా?" అంది మా అత్త గోపమ్మ.

దవనం దేవుని పంట. చైత్ర పున్నమికి గుడిలో స్వామి మెడలో వేసేది మా ఇంటిదే. పెళ్లిళ్లకు మొయినాబాదు నుంచి చేవెళ్ల దాకా మా ఇంటిదే పోతుంది. అందరూ దాన్ని కుర్మయ్య దవనం అంటారు. కుర్మయ్య నా మగడు. సన్నటి విత్తనాన్ని ఇసుకలో కలిపి చల్లేది నేను. వెంట్రుకంత మొలక, కుండతో పోస్తే పడిపోతుందని దోసిట్లోంచి వేళ్ల సందున చినుకులుగా నీళ్లు రాల్చేది నేను. పుష్యమాసపు చలిలో చేతులు కొంకర్లు పోయేవి. గుడిలో తలకు పట్టు గుడ్డ చుట్టించుకునేది మాత్రం ఆయన. నడుం నొప్పి అంటే, "నీళ్లు చల్లుడు గూడ ఒక పనేనా? పిల్లలాట!" అని నవ్వేవాడు.

ముట్టయిన ఆడదాని నీడ పడితే దవనం మాడిపోతుందని మా ఇంట్లో కట్టడి. అందుకే నీలను గొడ్ల కొట్టం వెనక తడికల గుడిసెలో కూర్చోబెట్టారు. తోడుగా నేను; పిల్లను అంటుకున్నందుకు నేనూ మడి దగ్గరికి పోకూడదు. యుద్ధం మొదలైనప్పటి నుంచి కిరసనూనె దొరకడం లేదు. దీపం లేని గుడిసెలో పిల్లకు తేలు కుడుతుందేమో, పాము దూరుతుందేమో, చలిజ్వరం పట్టుకుంటుందేమో అని దాన్ని విడిచి కదలలేకపోయాను. ఈ ఏడు అత్త మోకాళ్లు వంగడం మానేశాయి. దాంతో నా మగడే మడికి దిగాడు, బతుకులో మొదటిసారి. కడవ ఎత్తి కుమ్మరిస్తుంటే తడిక సందులోంచి చూశాను.

"గట్ల కాదు! వేళ్ల సందు నుంచి చల్లు!" అని అరిచాను.

"నాకే నేర్పుతవా?" అన్నాడు.

నీల తలకు పోసుకునే నాటికి మొలకలన్నీ బురదకు అతుక్కుని కుళ్లిపోయాయి.

గుడి పెద్ద శివయ్య చూడవచ్చాడు. ఆయన ముందు నా మగడు చేతులు కట్టుకున్నాడు. "నా తప్పేమి లేదు పటేలా. పిల్ల నీడ పడ్డది."

"అయితే పిల్లను గుడి ముంగట నిలబెట్టి తప్పు ఒప్పుకొమ్మను. పదిమంది ఇనాలె" అన్నాడు శివయ్య.

నీల తడి జుట్టుతో నా కొంగు పట్టుకుంది. ఒక్కసారి ఒప్పుకుంటే ఇక బతుకంతా అది దవనం మాడ్చిన పిల్లే. ఏ పెళ్లి పందిట్లోకీ రానివ్వరు. ఎవరింట్లో పాలు విరిగినా, దూడ చచ్చినా దీనివైపే చూస్తారు. ఇన్నేళ్లు నేను భయపడ్డవన్నీ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాయి. కానీ అప్పుడు నాకు భయం వేయలేదు. ఒళ్లు మండింది.

"పిల్ల నీడ కాదు. నీ కడవ" అన్నాను.

"ఏమే!" అని చెయ్యెత్తాడు.

"కొట్టు. కొట్టినంక ఇను. కాపురానికొచ్చిన సంది నెలనెలా నన్ను గా గుడిసెల కూసోబెడుతున్నరు. గా దినాలల్ల మడికి నీళ్లెవరు చల్లిండ్రు?"

"మా అవ్వ చల్లింది."

"నేను చల్లిన! తెల్లారకముందే పోయి, ముట్టుతోనే చల్లిన. గా దవనమే మీ దేవుని మెడల ఏసిండ్రు. గా దవనానికే నీ తలకు గుడ్డ చుట్టిండ్రు. ఒక్క ఆకన్న మాడిందా? చెప్పు పటేలా, మాడిందా?"

నా మగడు తల్లివైపు తిరిగాడు. "అవ్వా, ఇది అబద్ధమాడుతున్నది. నువ్వే గదా చల్లింది?"

అత్త మోకాళ్ల మీద చేతులు వేసుకుని నేల చూస్తూ కూర్చుంది. "చెప్పవేందవ్వా!" అని ఆయన గట్టిగా కేకేశాడు. కొట్టంలో బర్రె మెడగంట కదిలి ఆగింది. అత్త ఇక నోరు విప్పదనుకుని, నీల చెయ్యి పట్టుకుని నేను గడప వైపు నడిచాను.

"నేనెన్నడు చల్లలేదు కొడుకా" అంది అత్త వెనక నుంచి. "కోడలే చల్లింది. అది రాకముందు... నేను గూడ ముట్టుతోనే చల్లిన."